పద్నాలుగో అర వెనక

"గంట. అరవై నిమిషాలు. అరవై ఒకటో నిమిషానికి మెడ పట్టి బయటికి నెట్టిస్త," అన్నాడు సీఐ మధుకర్, కంట్రోల్ రూము తలుపుకు వేసిన సీలు తెంపుతూ.

పన్నెండూ పది అయింది. సాయంత్రం నాలుగింటికి సువర్ణను బోధన్ కోర్టులో మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అప్పటిలోగా ఆమె మనిషిని చంపలేదని నేను చూపించగలిగితే ఇంటికి పోతుంది, లేకపోతే జైలుకు పోతుంది. ఇరవై ఆరేళ్ల పిల్ల. హత్య కేసు ఒకసారి మీద పడ్డాక తర్వాత ఎప్పుడో కొట్టేసినా ఈ జిల్లాలో ఎవడూ మళ్లీ కీబోర్డు ముట్టనివ్వడు. మధుకర్‌కు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు, తెలిసే నవ్వుతున్నాడు.

నా పేరు లింబాద్రి. మధుకర్, నేను ఒకే బ్యాచి ఎస్సైలం. నేను పట్టుకున్న దొంగల ఫొటోల్లో వాడు నిలబడి సీఐ అయ్యాడు. నేను ఉద్యోగం వదిలేసి, నిజామాబాద్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబు పై అంతస్తులో గది తీసుకుని డిటెక్టివునని బోర్డు పెట్టుకున్నాను. సువర్ణ తల్లి సాయవ్వ డిచ్‌పల్లిలో ఆయా పని చేస్తుంది. మా అమ్మ మంచాన పడ్డ ఏడాది ఆమెకు ఒళ్లు తుడిచి, జుట్టు దువ్వింది సాయవ్వే. కన్నకొడుకునైన నేను డ్యూటీ పేరు చెప్పి తప్పించుకు తిరిగాను. నిన్న రాత్రి ఆమె వచ్చి "బిడ్డా, నా పిల్లను ఇడిపియ్యి" అన్నప్పుడు ఫీజు గురించి మాట్లాడేంత సిగ్గులేనివాణ్ని కాలేదు.

కేసు చెబుతాను, చిన్నదే. ఈ ఫ్యాక్టరీ పేరు నీలవేణి షుగర్స్. చెరకు రసాన్ని ఆవిరితో మరిగించి చిక్కబరిచే ఇనప పాత్రలు నాలుగున్నాయి. కార్మికులు వాటిని డ్రమ్ములంటారు. పదిహేను రోజులకోసారి మనిషి లోపలికి దిగి గోడలకు పట్టిన గార గీకాలి. తొమ్మిది రోజుల కింద, మంగళవారం, ఒకటో నంబరు డ్రమ్ములోకి హన్మాండ్లు దిగాడు. ఒంటిగంటా యాభై రెండుకు ఆవిరి వాల్వు తెరుచుకుంది. ఒంటిగంటా యాభై తొమ్మిదికి మూసుకుంది. ఆ ఏడు నిమిషాల గురించి నేనేమీ రాయను.

వాల్వు తెరవమన్న ఆజ్ఞ కంట్రోల్ రూములోని ర్యాకులో, పద్నాలుగో అరలో ఉన్న చిన్న కంప్యూటరు నుంచి వచ్చినట్టు రికార్డయింది. ఆ సమయంలో గదిలో ఉన్నది సువర్ణ ఒక్కతే. నాలుగు రోజుల ముందు ఆమెకూ హన్మాండ్లుకూ గొడవైంది. మధుకర్‌కు ఇంతకంటే ఏం కావాలి? కేసు వండినట్టే.

లోపలికి వెళ్లాను. ర్యాకంటే తలుపుల్లేని ఇనప బీరువా, నా కంటే ఎత్తు. కింది నుంచి పైకి నలభై రెండు అరలు, ప్రతి అరకూ పక్కన నంబరు. ముందు నుంచీ వెనక నుంచీ కూడా మిషన్లు బిగించొచ్చు. పద్నాలుగో అర దగ్గర ఒక ట్రే, దాని మీద ఇటుకంత చిన్న కంప్యూటరు.

"ముందు మీతోనే," అన్నాను నాగేందర్‌తో. ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్ ఇన్‌చార్జి, నలభై ఐదేళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, నుదుట పెద్ద బొట్టు. పిలవకముందే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఒంటిగంటా యాభై రెండుకు మీరెక్కడున్నరు?"

"డ్రమ్ము కాడ. ముగ్గురు సూసిండ్రు. రాసుకోండ్రి."

"ఆ డబ్బా పాస్‌వర్డు, సువర్ణ లాగిన్ పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసు?"

"సువర్ణకు, నాకు, జీఎం సార్‌కు."

"జీఎం ఆ రోజు?"

"నిజామాబాద్‌ల ఇంటి కాడ. ఇయ్యాల హైదరాబాద్ పోయిండు."

"డ్రమ్ముల మనిషున్నప్పుడు చేత్తో మూసే వాల్వుకు తాళం ఎయ్యాలె గదా?"

"అది పోయిన సీజన్ల పట్టేసింది. తిరగది."

"రిపేరు?"

"రాసినం." ఈ రాష్ట్రంలో ఎన్ని చావుల కింద ఆ ఒక్క మాట ఉంటుందో లెక్క తీస్తే పోలీసులకు వేరే పనుండదు.

తర్వాత భూమన్నను పిలిచాను. డ్రమ్ములు గీకే జట్టుకు పెద్ద. హన్మాండ్లు కాళ్లు పట్టి బయటికి లాగింది ఇతనే. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లున్నాయి.

"సువర్ణతోని హన్మాండ్లుకు ఏం లొల్లయింది?"

"లొల్లా? గదో లొల్లా సారూ!" భూమన్న మధుకర్ వైపు చూసి గొంతు తగ్గించాడు. "గా ర్యాకు ఎనక గాలి ఉడుకుడుకుగ వస్తది. పొద్దుగాల తెచ్చిన టిఫినీలు ఆడ పెడితే ఒంటిగంటకు అప్పుడే పొయ్యి మీదికెల్లి దించినట్టుంటయ్. ఏండ్ల సంది గట్లనే పెడుతున్నం. ఆ పిల్ల సూసి ఒర్రింది, అన్నా, పులుసు ఒలికితే అన్నీ కాలిపోతయ్ అని. హన్మాండ్లు నవ్విండు, మా ఇంటి పప్పు గంత పలుచగుండది బిడ్డా అన్నడు. తెల్లారి ఆమెకే గింత పప్పు పెట్టిండు. ఆమె తిన్నది గూడ. దీనికే మనిషిని సంపుతరా సార్?"

"చంపుతరు," అన్నాడు మధుకర్ తలుపు దగ్గర నుంచే. "ఇంతకంటే తక్కువకే చంపినోళ్లను చూసిన."

నేను పట్టించుకోలేదు. "భూమన్నా, టిఫినీలు సరిగ్గ ఎక్కడ పెట్టేటోళ్లు?"

ర్యాకు వెనక్కి తీసుకుపోయాడు. గోడకూ ర్యాకుకూ మధ్య మనిషి అడ్డంగా నడిచేంత సందుంది. వంగి, తొడ ఎత్తులో చేయి చూపించాడు. "గీడ. కింది పెద్ద మిషిని ఈపు మీద. మూడు డబ్బలు బరాబర్ పట్టేటియి. కార్తీకం నడుమ దాంక గీడనే. అటెంక నాగేందర్ సార్ ఆడ పెట్టొద్దన్నడు, పై అరల పెట్టుకున్నం. పైన పెట్టినంకనే ఆ పిల్ల కంట్ల పడ్డది."

అతను చూపించింది పద్నాలుగో అర. అక్కడిప్పుడు నల్లటి పెట్టె వీపు, తీగలు కనిపిస్తున్నాయి. టిఫినీ కాదు గదా, అగ్గిపెట్టె పెట్టే జాగా కూడా లేదు.

బ్యాగులోంచి సువర్ణ రాసిన కాగితాలు తీశాను. లాయరు ఇచ్చినవి. సువర్ణ ఉద్యోగం ఫ్యాక్టరీలో ఉన్న ప్రతి ఎలక్ట్రానిక్ మిషనుకూ జాబితా తయారు చేయడం. ఆ జాబితాకు వెన్నెముక ఒక లైబ్రరీ. అందులో పుస్తకాలుండవు, నిర్వచనాలుంటాయి. ఒక రకం మిషను గురించి ఒక్కసారి రాస్తే చాలు: తయారుచేసింది ఎవరు, ఎన్ని అరల ఎత్తు, ఎన్ని తీగలు తగిలించొచ్చు, బరువెంత, గాలి ఎటు నుంచి ఎటు పోతుంది, లోతు పూర్తా సగమా. ఆ తర్వాత ఆ రకం మిషను ఎక్కడ బిగించినా ఆ నిర్వచనమే చెల్లుతుంది. పిల్ల కంపెనీ కరపత్రాలను నమ్మకుండా ప్రతిదాన్నీ టేపుతో కొలిచి, త్రాసు మీద తూచి రాసింది. పక్కన పెన్సిలుతో "స్వయంగా కొలిచితిని" అని కూడా. ఈ ఫ్యాక్టరీలో ఆ మాట రాసుకునే అర్హత ఇంకెవరికీ ఉన్నట్టు లేదు.

లోతు సంగతి వినండి. పూర్తి అంటే ముందు నుంచి వెనక దాకా అర నిండిందని అర్థం. సగం అంటే వెనక వైపు ఖాళీ, ఇంకో మిషను పెట్టుకోవచ్చని. ట్రే మీద కూర్చోబెట్టిన ఈ చిన్న కంప్యూటరు నిర్వచనం చూశాను. ఎత్తు రెండు అరలు. బరువు కిలోన్నర. లోతు పూర్తి.

ఇటుకంత పెట్టెకు లోతు పూర్తా!

"మధుకర్, ఇటు రా."

"టైం అయిపోతుంది. కబుర్లు కోర్టుల చెప్పు."

"మూడు టిఫినీలు పట్టిన జాగ పూర్తిగ నిండినట్టు కాయితంల ఉన్నది. రెండిట్ల ఒకటి అబద్ధం. టిఫినీ అబద్ధమాడదు."

వాడు పెదవి విరిచాడు. "వెనక వైపు మావాళ్లు ఫొటోలు తీసిండ్రు. జాబితతోని పోల్చి చూసిండ్రు. వెనక పెట్టె ఉన్నది, జాబితల కూడ పెట్టె ఉన్నది. టాలీ అయింది. నీకంటే ముందే పుట్టినం మేం."

"వెనక నిలబడు. ఆ నల్ల పెట్టె మీద చెయ్యి పెట్టు. గట్టిగ కాదు, ఆనించు చాలు."

ఎందుకో పెట్టాడు. నేను ముందుకొచ్చి పద్నాలుగో అర ట్రే పట్టుకుని జానెడు బయటికి లాగాను.

"కదిలిందా?"

ట్రేను ఇంకొంచెం లాగాను.

"కదిలిందా అంటున్న!"

"లేదు," అన్నాడు మధుకర్.

ఆ ఒక్క మాట వాడి నోట్లోంచి రప్పించడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. ముందున్నది ఒక పెట్టె, వెనకున్నది ఇంకో పెట్టె. రెండింటికీ నడుమ చేయి పట్టేంత ఖాళీ. జాబితాలో మాత్రం ఒక్కటే. ఫొటో తీసినవాడు వెనక పెట్టెను చూసి ముందుదాని వీపనుకున్నాడు, ఎందుకంటే నిర్వచనం అట్లా చెప్పింది. రెండింటి తీగలూ ఒకే జాయింటులో కలిశాయి, కాబట్టి వెనకది ఏ ఆజ్ఞ పంపినా ముందున్న పెట్టె పేరు మీదే రికార్డయింది.

పన్నెండూ నలభై ఏడు. గ్లౌజులు తొడుక్కుని వెనక పెట్టె మరలు విప్పాను, తీగలు పీకాను, మెల్లగా తిప్పాను. లోపలి వైపుకు తిరిగి ఉన్న ముఖం మీద పసుపు పూసి, నడుమ కుంకుమ బొట్టు. నూనెలో కలిపి పెట్టిన కుంకుమ ఆరి గట్టిపడింది. అందులో వేలి గీతలు, భూతద్దం అక్కరలేకుండా కనిపిస్తున్నాయి.

భూమన్న గుండె మీద చేయి వేసుకున్నాడు. "అయ్యో సార్..."

"ఏంది భూమన్నా?"

అతను నాగేందర్ వైపు చూశాడు. నాగేందర్ తలుపు చౌకట్టు పట్టుకున్నాడు.

"చెప్పు. హన్మాండ్లు నీ పక్కన పని చేసినోడు."

"కొత్త మోటరైనా, బల్బైనా సరే," అన్నాడు భూమన్న నేల చూస్తూ, "బొట్టు పెట్టంది నాగేందర్ సార్ స్విచ్చెయ్యడు. మా అందరికి తెలుసు. మిగతావోళ్లు సీజన్ పూజ నాడు పెడ్తరు. ఆయన ఎప్పుడు బిగిస్తె అప్పుడే పెడ్తడు."

మధుకర్ ఒంటికాలి మీద లేచాడు. "బొట్టు ఎవడైన పెట్టొచ్చు! దీన్ని పట్టుకొని కథలల్లకు."

"ఎవడైన పెట్టొచ్చు. సువర్ణ పెట్టదు. ఆమె చర్చికి పోయే పిల్ల. ఇంకెవడైన దొంగతనంగ పెట్టేటోడైతె మరలు బిగించి పారిపోతడు. దాచిపెట్టేదానికి కూడ బొట్టు పెట్టకుండ చేతులు రాని మనిషొక్కడే ఈ ఫ్యాక్టరీల. వేలి గీతలున్నయ్, పోల్చుకో."

పోల్చే పని పడలేదు. నాగేందర్ గోడకు ఆనుకుని జారి కింద కూర్చున్నాడు.

"నేనే పెట్టిన," అన్నాడు. "దేవుని మీద ఒట్టు, మనిషిని సంపలే. జీఎం సార్ పెట్టమన్నడు. ఇంట్ల కూసొని ఫోన్ల వాల్వులు తిప్పాలన్నడు. డ్రమ్ము ఆపి కడిగే పనికి ఎనిమిది గంటలు పట్టుడేంది, ఆపినంక ఆరు గంటలు కాంగనే ఆవిరి ఇడిస్తె జల్ది వేడెక్కుతది, రెండు గంటలు కలిసొస్తయ్ అంటడు. ప్రతిసారి నాకు ఫోన్ చేసి, అందరు బయటికొచ్చిండ్రా అని అడిగి, అప్పుడు తిప్పుతడు."

"మంగళవారం అడిగిండా?"

"అడగలే."

"నువ్వు తొమ్మిది రోజులు నోరెందుకు మూసుకున్నవ్?"

"పిల్లలున్నరు సార్."

నాకు ఒళ్లు మండింది. "హన్మాండ్లుకు లేరా? సువర్ణ ఒకరికి పిల్ల కాదా? డబ్బాకు బొట్టు పెట్టడం మరవలేదు గదా, మనిషి సంగతి ఎట్ల మరిచినవ్?" అని అరిచాను. అరిచి లాభం లేదని తెలిసీ అరిచాను. పగతో చంపినవాడిని నేను అర్థం చేసుకోగలను. ఒక్క ఫోను చేయడానికి బద్ధకించి చంపినవాడిని, ఆ సంగతి తెలిసీ బొట్టు దిద్దుకుని డ్యూటీకొచ్చినవాడిని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు.

"ఇసొంటివి ఇంకెన్ని పెట్టినవ్?"

"నేను పెట్టింది గిదొక్కటే. పిల్లల మీద ఒట్టు."

అతను అబద్ధమాడలేదు. అది తర్వాత తేలింది.

మధుకర్ మాత్రం అప్పటికే తేరుకున్నాడు. వాడిలో నాకు నచ్చనిదీ, నేను మెచ్చుకోక తప్పనిదీ అదే, కింద పడ్డా మీసానికి మట్టి అంటనివ్వడు. "సరే. పెట్టె నాగేందర్ పెట్టిండు. జాబితల దాచిందెవరు? లోతు మొదలు సగం అని ఉండె. నవంబరుల ఒక ఆదివారం, పదకొండూ ముప్పై ఎనిమిదికి పూర్తి అని మారింది. ఎవరి లాగిన్? సువర్ణది. అంటె ఇద్దరు కలిసి చేసిండ్రు. నువ్వు నాకు రెండో ముద్దాయిని దొరికిచ్చినవ్ లింబాద్రీ, షుక్రియా."

"ఆదివారం పదకొండూ ముప్పై ఎనిమిదికి ఆమె చర్చిల ఉన్నది."

"ఎవరు చెప్పిండ్రు? తల్లా?"

"పాస్టరు దేవదాస్ గారు. నీ రిమాండు రిపోర్టుల ఆ లాగిన్ టైం చూసి పొద్దున ఫోన్ల అడిగిన. ఆ రోజు ఆమె పాటలు పాడే గుంపుల ఉన్నది, ఆరాధన పదిన్నర నుంచి పన్నెండున్నర. అరవై మంది చూసిండ్రు. పాస్‌వర్డు జీఎంకు కూడ తెలుసని ఇప్పుడే నీ ముంగటనే చెప్పిండు. అరవై మంది సాక్షులను తీసుకొస్త, కుర్చీలు ఏపిచ్చుకో."

వాడి ముఖం మాడిపోయింది. నాగేందర్‌ను జీపెక్కించమని కానిస్టేబుల్‌కు చెప్పి, అతని ఫోను లాక్కుని జేబులో వేసుకున్నాడు. పెట్టెను సంచిలో వేసి సీలు కొట్టించాను, పంచనామా మీద సంతకాలు పెట్టించాను. ఒంటిగంటా ముప్పై అయింది. గంట ఎప్పుడో దాటింది, మెడ పట్టి నెట్టే ఊసు మధుకర్ ఎత్తలేదు.

బయటికొస్తుంటే భూమన్న అడ్డం పడ్డాడు. "సారూ, నిన్నటి సంది మళ్ల ఫ్యాక్టరీ నడుపుతున్నరు. చెరుకు లారీలన్ని గేటు కాడనే ఆగినయ్. పొద్దుగాల పదింటికి ఆపిన మూడో నంబరు డ్రమ్ముల మూడున్నరకు దిగుమంటున్నరు. మావోళ్లకు పానం ఒప్పుతలేదు. దిగాల్నా?"

"పెట్టె పీకేసినం భూమన్నా. ఇగ భయం లేదు, దిగుండ్రి."

నేనే చెప్పాను ఆ మాట. ఎవరూ చెప్పమనలేదు.

మూడూ ముప్పై ఐదుకు బోధన్ కోర్టు వరండాలో ఉన్నాను. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ల నడుమ బెంచీ మీద సువర్ణ కూర్చుంది. సన్నటి పిల్ల, చున్నీ తల మీదికి లాక్కుంది. సాయవ్వ కాస్త దూరంగా స్తంభం పక్కన నిలబడి పెదవులు కదుపుతోంది, ప్రార్థన చేస్తోంది. మధుకర్ ఫైలు చంకన పెట్టుకుని మేజిస్ట్రేటు గది తలుపు దగ్గర పచార్లు చేస్తున్నాడు.

"దొరికింది," అన్నాను సువర్ణ పక్కన కూర్చుంటూ. "వెనక పెట్టె. నాగేందర్ ఒప్పుకున్నడు. జీఎం ఇంట్ల కూసొని తిప్పిండు. నీ లాగిన్ ఎవడో వాడుకున్నడని లాయరు చెప్తడు. నువ్వు అప్పుడు చర్చిల ఉన్నవ్. ఇయ్యాల రాత్రికి ఇంటి కాడ అన్నం తింటవ్."

సాయవ్వ విని "ఏసయ్యా" అంటూ అక్కడే కూలబడి ఏడ్చేసింది. నా పొగరు ఎక్కువేనని ఒప్పుకుంటాను. ఆ క్షణంలో నాకు సంతోషంతో ఛాతీ నిండిపోయింది. మా అమ్మకు నేను చేయని సేవకు ఇవాళ బాకీ తీరిందనుకున్నాను.

సువర్ణ మాత్రం ముఖం ఎత్తలేదు. చేతివేళ్లు నలుపుకుంటోంది.

"ఏమైందమ్మా? సంబురంగ లేదా?"

"ఏం లేదన్నా. ఒక్కటే డబ్బా దొరికిందా?" అంది.

"ఒక్కటే. పీకేసినం. ఇంకేం కాదు. భూమన్న జట్టు కూడ పనిల దిగింది, ఇయ్యాల మూడో నంబరు..."

ఆమె లేచి నిలబడింది. కానిస్టేబుల్ భుజం పట్టి కూర్చోబెట్టబోతే విదిలించుకుంది. "మూడో నంబరా? ఇయ్యాల్నా? మనుషులు లోపలికి దిగిండ్రా అన్నా?"

"మూడున్నరకు."

"ఆపుండ్రి అన్నా! జల్ది ఆపుండ్రి!"

"ఎందుకు? పెట్టె..."

"నేను మార్చింది పెట్టెకు కాదన్నా, టైపుకు!" ఆమె అరిచింది. "లైబ్రరీల ఒక టైపుకు లోతు మారిస్తె ఆ టైపు డబ్బాలన్నిటికి మారుతది. గసొంటివి ఫ్యాక్టరీల మూడున్నయ్. ఒకటి కంట్రోల్ రూం, ఒకటి బాయిలరు కాడ, ఒకటి చక్కెర వండే పాన్ హౌస్‌ల. మూడో నంబరు, నాల్గో నంబరు వాల్వులు పాన్ హౌస్ ర్యాకు కింద ఉన్నయ్. కంట్రోల్ రూం కింద లేవు!"

ఆ కాగితం నా బ్యాగులోనే ఉంది. ఏ రకం ఎక్కడ బిగించినా అదే నిర్వచనమని చదివి, అర్థమైందని తలూపి, ఒక్క ర్యాకు వెనక చూసి చేతులు దులుపుకున్నాను. నాగేందర్ పెట్టింది ఒక్కటే. మిగతావి ఇంకెవడి చేతో పెట్టించి ఉంటాడు ఆ జీఎం.

అప్పుడు ఆమె అన్న ఇంకో మాట నా చెవికెక్కింది. "నేను మార్చింది అన్నవ్."

"ఔనన్నా. నేనే."

సాయవ్వ ఏడుపు ఆగిపోయింది.

"ఆదివారం జీఎం సార్ ఫోన్ చేసిండు. హైదరాబాదుకెల్లి తనిఖీకి వస్తున్నరు, ఆ టైపుకు లోతు తప్పు పడ్డది, పూర్తి అని మార్చు అన్నడు. సగమే సార్, టేపుతోని నేనే కొలిచిన అన్న. కొలిచింది నువ్వైతె నౌకరి ఇచ్చింది నేను అన్నడు. చర్చి మెట్ల మీద కూసొని ఫోన్ల మార్చిన. నిమిషం గూడ పట్టలే. ఇంకో పాట మొదలు కాకముందే లోపలికి పోయి నిలబడ్డ." ఊపిరి తీసుకుంది. "ఒక్కదాని కోసమైతె టైపు మొత్తం ఎందుకు మార్చమంటడు? ఆ ఒక్కదాని కింద రాయమంటె అయిపోవు గదా. నాకప్పుడే అనుమానమొచ్చింది. పోయి ఎనక సూడలే. సూస్తె ఏముంటదో అని భయమైంది. హన్మాండ్లు అన్న సచ్చిపోయినంక ఇంక భయమైంది."

"బిడ్డా, నోరు మూసుకో," అంది సాయవ్వ. అంత మెత్తగా మాట్లాడే మనిషి గొంతు గరగరలాడింది. "మూసుకో. నిన్ను ఇడిసిపెడుతున్నరు."

"అవ్వా, లోపల మనుషులున్నరే!"

నేను అప్పటికే భూమన్నకు ఫోను కొడుతున్నాను. మోగుతోంది, ఎత్తడం లేదు. డ్రమ్ములోకి దిగేటప్పుడు ఫోన్లు బయట గూట్లో పెట్టి దిగుతారు. ఫ్యాక్టరీ గేటుకు కొట్టాను. "డిటెక్టివా? జీఎం సార్ పర్మిషన్ లేంది మాట్లాడం," అని పెట్టేశాడు సెక్యూరిటీ వాడు. మళ్లీ కొడితే ఎత్తనే లేదు. నాగేందర్ లాకప్పులో ఉన్నాడు. జీఎం నంబరు, పాన్ హౌస్ నంబరు, ఒక్క కేకతో ఆ ఫ్యాక్టరీని ఆపించగల అధికారం, అన్నీ ఒక్కడి జేబులో ఉన్నాయి. టైము మూడూ నలభై నాలుగు.

సువర్ణ నాకంటే ముందే అతని ముందుకు పోయింది. కానిస్టేబుళ్లు రెక్కలు పట్టి లాగుతున్నారు, చున్నీ కింద పడింది, ఆమె వెనక్కి తగ్గలేదు.

"సార్, నేనే మార్చిన. నా చేతులతోని మార్చిన. చర్చిల ఉన్ననని అందరు చెప్తున్నరు గానీ నేను బయట మెట్ల మీద ఉన్న. రాసుకోండ్రి, ఏడ సంతకం పెట్టమంటె ఆడ పెడ్త. జైలుకు పోత. గానీ ముందుగాల పాన్ హౌస్‌కు ఫోన్ చెయ్యుండ్రి సార్. ఎనక డబ్బా ఉన్నది, తీగలు పీకుమనుండ్రి. మనుషులను బయటికి గుంజుమనుండ్రి."

మధుకర్ ఆమెను చూశాడు. నన్ను చూశాడు. మధ్యాహ్నం చేజారిన కేసు దానంతటదే నడిచొచ్చి ఎదుట నిలబడి, నేరం ఒప్పుకుంటోంది. వాడి చొక్కా జేబులో రెండున్నాయి, ఫోనూ పెన్నూ.

"మధుకర్, ఫోన్ తీయి!" అని అరిచాను.

వాడు పెన్ను తీశాడు.